నాన్నగారి ఫోనుకు వచ్చిన కరెంటు బిల్లు సందేశం: పోయిన డబ్బు, ఇకముందు జాగ్రత్తలు, మీ సలహా కావాలి

కూర్మన్నపాలెం అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ఉక్కు కర్మాగారంలో 33 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశారు. అమ్మ పోయిన తర్వాత కూర్మన్నపాలెంలోని సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను సీతమ్మధారలో ఉంటాను, వారానికి రెండుసార్లు వెళ్లి చూసి వస్తాను.

గత నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఏడు గంటల వేళ ఆయన వాట్సాప్‌కు ఒక సందేశం వచ్చింది. గత నెల బిల్లు రికార్డులో నమోదు కాలేదని, ఈ రాత్రి 9.30 గంటలకు ఇంటి కరెంటు తీసేస్తామని, వెంటనే ఫలానా అధికారితో మాట్లాడమని రాసి, కింద ఒక సెల్ నంబరు ఇచ్చారు. బిల్లు కట్టిన రసీదు నాన్నగారి డైరీలోనే ఉంది. అయినా రాత్రంతా కరెంటు లేకపోతే ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ ఏమవుతుందోనన్న కంగారులో ఆయన ఆ నంబరుకు ఫోన్ చేశారు. అవతలి మనిషి "బాబాయ్ గారూ" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడి, పొరపాటు ఆఫీసుదేనని ఒప్పుకొని, రికార్డు సరిచేయడానికి పది రూపాయలు కడితే చాలని చెప్పి ఒక ఫైలు పంపాడు. నాన్నగారు దాన్ని తెరిచారు, ఫోను అడిగిన ప్రతిదానికీ "అనుమతించు" అని నొక్కారు, ఆ తర్వాత వచ్చిన పేజీలో డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెలు నింపారు. పది నిమిషాలు తిరగకుండా రెండు దఫాలుగా 49,000, 38,500 రూపాయలు ఖాతాలోంచి వెళ్లిపోయాయి.

ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఆయన ఇప్పటికీ అంటున్నారు. ఆయన అబద్ధం చెప్పరు.

రెండు రోజులు ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. గురువారం ఉదయం నేను వెళ్లేసరికి కంచంలో అన్నం కలుపుతూ కూర్చున్నారే గానీ ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు. గ్యాసు బుకింగ్ మెసేజ్ చూద్దామని ఫోను తీసుకుంటే బ్యాంకు మెసేజ్‌లు కనిపించాయి. వెంటనే, అంటే 10.40 గంటలకు, బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి కార్డు బ్లాక్ చేయించి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా ఫోన్ చేశాను. మరుసటి రోజు, శుక్రవారం ఉదయం, అదే ఖాతా నుంచి యూపీఐ ద్వారా మరో 18,500 రూపాయలు పోయాయి. నాన్నగారు ఆ ఫోనులో యూపీఐ ఎన్నడూ వాడలేదు.

బ్రాంచిలో అడిగితే, కార్డు వివరాలు ఖాతాదారే ఇచ్చారు గనుక మొత్తం నష్టం ఆయనదేనని నోటిమాటగా చెప్పి పంపించారు. నేను అడగదలచుకున్నవి మూడు. ఈ డబ్బులో ఏదైనా తిరిగి వచ్చే దారి ఉందా? ఓటీపీ చెప్పకుండా ఇదంతా ఎలా జరిగింది? మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మా అన్నయ్య నాన్నగారి చేతిలోంచి స్మార్ట్‌ఫోను, కార్డు రెండూ తీసేసుకుందామంటున్నాడు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆయన స్వతంత్రంగా బతికిన మనిషి. ఆయన డబ్బు ఆయన చేతిలోనే ఉంచుతూ కాపాడే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, ముందుగా మీరు ఒకే మొత్తంగా చూస్తున్న నష్టాన్ని రెండుగా విడదీసి చూడండి. మంగళవారం పోయిన 87,500 రూపాయలు ఒక లెక్క, శుక్రవారం పోయిన 18,500 రూపాయలు వేరే లెక్క. బ్రాంచిలో మీకు ఈ తేడా చెప్పకపోవడం పొరపాటు.

అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంతవరకో నిర్ణయిస్తూ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. నేను సర్వీసులో ఉండగా దాన్ని అద్దం కింద పెట్టుకుని పనిచేశాను గనుక ఇందులోని ముఖ్యాంశాలు నాకు కంఠతా వచ్చు. లోపం బ్యాంకుదైతే ఖాతాదారు ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఆయనకు ఏ నష్టమూ ఉండకూడదు. లోపం బ్యాంకుదీ కాక ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు తెలియజేసినవారికి పూర్తి రక్షణ ఉంటుంది. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే మామూలు పొదుపు ఖాతాదారు భరించాల్సింది గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఏడు రోజులు దాటితే ఆయా బ్యాంకు బోర్డు విధానాన్ని బట్టి ఉంటుంది. ఇక ఖాతాదారే తన వివరాలు ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసిన క్షణం దాకా జరిగిన నష్టం ఆయనది, తెలియజేసిన తర్వాత జరిగిన నష్టం మాత్రం బ్యాంకుది. మీకు పనికొచ్చే వాక్యం ఈ చివరిదే.

మీరు గురువారం 10.40కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నారు. మోసం జరిగిందని తెలిసిన తర్వాత కార్డొక్కటే ఆపి, అదే ఖాతాకు ఉన్న యూపీఐని, నెట్ బ్యాంకింగ్‌ను ఆపకపోవడం బ్యాంకు చేసిన పని. కాబట్టి ఆ 18,500 రూపాయలు కచ్చితంగా రాబట్టుకోవలసినవే. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసి, ఫిర్యాదు నంబరు, ఫోన్ చేసిన సమయం, శుక్రవారం నాటి లావాదేవీ సమయం మూడూ వేసి, బ్రాంచిలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇలాంటి సొమ్మును ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోపు తాత్కాలికంగానైనా ఖాతాలో జమ చేయాలని, తొంభై రోజుల్లో ఫిర్యాదు తేల్చాలని, ఖాతాదారుదే తప్పని నిరూపించే భారం బ్యాంకు మీదే ఉంటుందని అదే సర్క్యులర్‌లో ఉంది. ముప్పై రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు న్యాయంగా తోచకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే అధికారికి, ఆన్‌లైన్‌లో రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు.

మంగళవారం నాటి సొమ్ము విషయంలో మాత్రం మీకు లేనిపోని ఆశ పెట్టలేను. నకిలీ పేజీలో కార్డు వివరాలు నింపడాన్ని బ్యాంకులు ఖాతాదారు అజాగ్రత్తగానే చూస్తాయి. అక్కడ మీకు ఉన్న దారి పోలీసుల ద్వారానే తప్ప బ్యాంకు ద్వారా కాదు.

ద్వారకానగర్ సెల్ మెకానిక్

నమస్తే మేడం. మీ రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాది మా షాపుకు ఇలాంటి ఫోన్లు చాలానే వచ్చాయి. మీ నాన్నగారు నిజమే చెబుతున్నారు. ఓటీపీ ఆయన చెప్పలేదు, ఆయన ఫోనే పంపించేసింది.

వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉండి ఉంటుంది. అది ఫోటో కాదు, కాగితం కాదు, ఒక యాప్. ట్రాఫిక్ చలానా అని, పెళ్లి శుభలేఖ అని, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు వివరాల) ఫారం అని రకరకాల పేర్లతో వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెసేజ్‌లు చదవడానికి, పంపడానికి అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇచ్చాక బ్యాంకు నుంచి వచ్చే ప్రతి మెసేజూ అదే క్షణంలో దొంగ చేతికి చేరుతుంది. మన ఫోను నుంచి మనకు తెలియకుండా మెసేజ్‌లు పంపగలదు కూడా. యూపీఐ మొదలుపెట్టాలంటే ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ వెళ్లాలి, పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు వివరాలు, ఓటీపీ కావాలి. ఇవన్నీ మంగళవారమే వాళ్ల చేతిలో ఉన్నాయి. గురువారం మీరు కార్డు ఆపేసరికే యూపీఐ పిన్ తయారై ఉంటుందని నా అనుమానం. అందుకే ఎన్నడూ వాడని యూపీఐలోంచి డబ్బు పోయింది.

ఆ ఫోను ఇంకా అలాగే వాడుతుంటే దయచేసి ఇప్పుడే ఆపండి. ముందు ఇంటర్నెట్ ఆపేసి, సిమ్ తీసి ఒక పాత బటన్ ఫోనులో వేయండి, అప్పుడు ఓటీపీలు దొంగకు వెళ్లవు. యాప్‌ను తొందరపడి తీసేయకండి. ఆ వాట్సాప్ సంభాషణ, ఫైలు పేరు, వాడి నంబరు, యాప్‌ల జాబితా అన్నిటినీ వేరే ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకోండి, పోలీసులు అడుగుతారు. కొన్నిసార్లు ఇలాంటి యాప్‌కు తెరమీద బొమ్మే ఉండదు, సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో వెతికితేనే కనిపిస్తుంది. అవన్నీ అయ్యాక ఫోటోలు, పరిచయాల నంబర్లు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, అంటే ఫోనులో ఉన్నదంతా చెరిపించేయండి. ఒక్క యాప్ తీసేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. అది తనతో పాటు ఇంకేమి దించిందో తెలియదు గనుక నేను ఒప్పుకోను.

సిమ్‌ను కూడా చూడండి. *#21# నొక్కి కాల్ చేస్తే కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయో లేదో తెరమీద చూపిస్తుంది. మళ్లుతుంటే ##002# నొక్కితే అన్నీ రద్దవుతాయి. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం" అన్న చోట వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఉన్న అనుమతి తీసేయండి. ఆ తర్వాత నాన్నగారు పొరపాటున అలాంటి ఫైలు నొక్కినా ఫోను ఒప్పుకోదు. పెద్దవాళ్ల ఫోనులో మొట్టమొదట చేయాల్సిన పని ఇదేనని నేను మా షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

కూర్మన్నపాలెం అమ్మాయి

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సిమ్ బటన్ ఫోనులోకి మార్చాం. ఫైలు పేరు చివర మీరు చెప్పినట్టే ఉంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నాన్నగారు ఒక మాట పదేపదే అంటున్నారు: "హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడి ఉంటే పెట్టేసేవాణ్నమ్మా, మన యాసలో మాట్లాడాడు, మనవాడే అనుకున్నాను." దీనికి నా దగ్గర జవాబు లేదు.

జిల్లా కోర్టు న్యాయవాది

ఆ మాటకు జవాబు మన ఊరి నుంచే చెప్పవచ్చు. 2024 మే నెలలో విశాఖ నగర పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపి, అక్కడ వారిని నిర్బంధించి, వారి చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్నారని అప్పుడే బయటపడింది. మన భాష మాట్లాడేవాళ్లను పట్టుకెళ్లి మన వాళ్ల మీదికే వదులుతున్నారు. యాస విని మనవాడే అనుకోవడం మీ నాన్నగారి తెలివితక్కువ కాదు. ఆ నమ్మకాన్నే వాళ్లు సరుకుగా వాడుకుంటున్నారు. ఈ సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పండి.

ఇక డబ్బు విషయానికి వస్తే, 1930కి ఫోన్ చేసినప్పుడు మీకు మెసేజ్‌లో ఒక గుర్తింపు సంఖ్య వచ్చి ఉంటుంది. దానితో జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, అంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, ప్రతి లావాదేవీకీ రిఫరెన్సు సంఖ్య, సమయం, మొత్తం విడివిడిగా నింపారా? చాలామంది ఫోన్ చేసి ఊరుకుంటారు, లేదా మూడు లావాదేవీలను కలిపి ఒకే మొత్తంగా రాస్తారు. ఆ వ్యవస్థ పనిచేసే తీరు తెలిస్తే అది ఎందుకు తప్పో అర్థమవుతుంది. దొంగ సొమ్ము మొదట ఒక అద్దె ఖాతాలో, అంటే దొంగలు వాడుకుంటున్న వేరే ఎవరిదో ఖాతాలో, పడుతుంది, అక్కడి నుంచి నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు చీలుతుంది, చివరికి ఏటీఎంలోనో మరోచోటో నగదవుతుంది. మీరు ఇచ్చిన రిఫరెన్సు సంఖ్య పట్టుకుని బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి ఆ జాడ వెంట వెళ్లి, ఎక్కడ ఎంత మిగిలి ఉంటే అంత అక్కడే నిలిపేస్తాయి. సంఖ్య తప్పైతే జాడ అక్కడితో ఆగిపోతుంది. మొదటి గంటలో ఫోన్ చేయమని పోలీసులు మొత్తుకునేది ఇందుకే. రెండు రోజులు గడిచినా వదిలేయకూడదు, ఎందుకంటే ఆ అద్దె ఖాతాల్లో కొన్నిటిని అప్పటికే ఇంకెవరో ఇచ్చిన ఫిర్యాదు మీద నిలిపి ఉండవచ్చు, అందులో మీ సొమ్ములో కొంత చిక్కుకుని ఉండవచ్చు.

నిలిపిన సొమ్ము దానంతట అది మీ ఖాతాలోకి రాదు. ఎఫ్ఐఆర్ నమోదు చేయించి, దర్యాప్తు అధికారి ఇచ్చే వివరాలతో కోర్టులో దరఖాస్తు చేసుకుంటే, ఉత్తర్వు వచ్చాక బ్యాంకు జమ చేస్తుంది. నగర సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోటోల ప్రింట్లు, మీరు బ్యాంకుకు ఇచ్చిన ఉత్తరం రెండో ప్రతి, ఆధార్ నకలు తీసుకెళ్లండి. కంప్యూటర్ ద్వారా మారువేషంలో మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఖాతా నాన్నగారిది గనుక ఫిర్యాదు ఆయన పేరుతోనే ఉండాలి, సంతకం ఆయనే చేయాలి.

ఇంకో హెచ్చరిక. "మీ డబ్బు రాబట్టి ఇస్తాం, కొంత ఫీజు కట్టండి" అంటూ రేపో ఎల్లుండో మీకు ఫోన్ రావచ్చు. పోలీసులమనీ, కోర్టు వాళ్లమనీ చెప్పవచ్చు. ఒకసారి మోసపోయినవారి నంబర్లు చేతులు మారుతుంటాయి. వీడియో కాల్‌లో అరెస్టు చేస్తున్నామని బెదిరించినా అంతే. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు.

కంచరపాలెం టీచరమ్మ

చెల్లీ, మీ మూడో ప్రశ్న చదివి ఆగలేక రాస్తున్నాను. రెండేళ్ల కిందట మా అమ్మకు ఇలాగే జరిగింది. ఫైలు కాదు, ఏటీఎం దగ్గర. రైతుబజారు నుంచి వస్తూ డబ్బు తీయబోతే మిషన్ ఆలస్యం చేసిందట, వెనక నిలబడ్డ కుర్రాడు "నేను చూస్తాను అమ్మమ్మా" అని కార్డు తీసుకుని రెండుసార్లు పెట్టి తీసి, పని చేయడం లేదని తిరిగి ఇచ్చాడు. ఇచ్చినది అదే రంగు, అదే బ్యాంకు కార్డు, పేరు మాత్రం వేరే ఎవరిదో. పిన్ అతని కళ్లెదుటే నొక్కింది. ఇంటికి వచ్చి సంచిలోంచి కూరలు తీస్తుండగా మొదటి మెసేజ్ వచ్చింది.

అప్పుడు మేమూ మీ అన్నయ్యగారు అన్నట్టే చేశాం. కార్డు తీసేసుకున్నాం. ఆ తర్వాత అమ్మ గుడికి వెళ్లాలన్నా, మనవడికి చాక్లెట్ కొనాలన్నా మమ్మల్ని అడగాల్సి వచ్చేది. మూడు నెలలయ్యేసరికి అడగడమే మానేసింది. సింహాచలం చందనోత్సవానికి కూడా వెళ్లనంది. అది చూశాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. పోయిన డబ్బు కంటే మేము తీసేసుకున్నదే ఆమెకు ఎక్కువైంది.

తర్వాత ఒక బ్యాంకు మేనేజరు గారితో కూర్చుని ఏర్పాటు మార్చాం. పెన్షన్ పడే ఖాతాను అలాగే ఉంచాం. ఆ కార్డులో ఆన్‌లైన్ లావాదేవీలు, విదేశీ లావాదేవీలు, పిన్ లేకుండా తాకించి చెల్లించే సౌకర్యం మూడూ ఆపేశాం, ఏటీఎంలో రోజుకు పదివేలే వచ్చేటట్టు పెట్టాం. ఆ ఖాతాకు యూపీఐ లేదు. నెలకు ఆరువేలు దానంతట అదే వెళ్లేటట్టు ఇంకో చిన్న ఖాతా తెరిచాం, అమ్మ ఫోనులో యూపీఐ ఆ ఖాతాదే. ఎంత పెద్ద మోసం జరిగినా ఆ ఆరువేలు దాటి పోదు. ఆ ఆరువేలు ఆమె ఎవరికి ఇచ్చిందో మేము అడగం.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

టీచరమ్మ గారు చెప్పిన ఏర్పాటు కంటే మెరుగైనది నేను చెప్పలేను. దానికి కొంత వివరం మాత్రం కలుపుతాను. కార్డులో ఏ సౌకర్యం ఉండాలో, ఏది ఆగాలో, రోజుకు ఎంత పరిమితి ఉండాలో ఖాతాదారే మార్చుకునే వీలు 2020 అక్టోబర్ 1 నుంచి అన్ని బ్యాంకులూ ఇవ్వాలి. అప్పటి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు ఏటీఎంకు, దుకాణంలోని మిషన్‌కు మాత్రమే పనిచేసే స్థితిలో వస్తాయి. మిగతావి మనమే తెరవాలి. మీ నాన్నగారి కార్డులో ఆన్‌లైన్ తెరిచి ఉందంటే ఎప్పుడో ఎవరో తెరిచారన్నమాట, లేదా అది పాత కార్డు. విదేశీ లావాదేవీలు ఆపమనడానికి కారణం ఉంది: విదేశీ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగకుండానే, కార్డు వివరాలుంటే చాలు డబ్బు పోతుంది. తాకించి చెల్లించే పద్ధతిలో 5,000 రూపాయల దాకా పిన్ అడగదు, కార్డు పోగొట్టుకున్నప్పుడు అదొక ప్రమాదం. మీ నాన్నగారి ఖాతా స్టేట్ బ్యాంకులో అయితే 10,000 రూపాయలు, ఆపైన ఏటీఎంలో తీయాలంటే ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా కావాలి. 2020 నుంచి అది రోజంతా అమల్లో ఉంది.

యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చిన ఒక ఏర్పాటు కూడా ఉంది. మీ ఖాతా మీద నెలకు 15,000 దాకా, ఒక్కోసారికి 5,000 మించకుండా నాన్నగారు ఖర్చు పెట్టుకునేలా అధికారం ఇవ్వవచ్చు. భద్రత విషయంలో మంచిదే. కానీ సొంత పెన్షన్ ఉన్న మనిషికి కూతురి ఖాతాలోంచి ఖర్చు పెట్టుకోమనడం ఎలా ఉంటుందో ఆలోచించి నిర్ణయించుకోండి. నేనైతే చిన్న ఖాతా పద్ధతికే మొగ్గుతాను.

నిజమైన బ్యాంకు ఏది, దొంగ ఏది అని పోల్చుకోవడానికి ఇప్పుడు కొన్ని గుర్తులు వచ్చాయి. బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలకు మారాయి, ఆ గడువు 2025 అక్టోబర్ 31తో ముగిసింది. ఖాతా విషయమై బ్యాంకు చేసే కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. సంస్థల నుంచి వచ్చే మెసేజ్‌లో పంపినవారి పేరు చివర చిన్న గీత, దాని పక్కన ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటుంది: ప్రచారమైతే పి, సేవకు సంబంధించినదైతే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వానిదైతే జి. పది అంకెల మామూలు సెల్ నంబరు నుంచి కరెంటు ఆఫీసు పేరుతోనో బ్యాంకు పేరుతోనో సందేశం వస్తే అది అక్కడికక్కడే అబద్ధం. అలాంటివాటిని టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే విభాగంలో తెలియజేయవచ్చు.

అయితే ఈ గుర్తులన్నీ గుర్తుంచుకోమని 71 ఏళ్ల మనిషిని అడగకండి. ఒక్క వాక్యం నేర్పండి: "నేను బ్రాంచికి వచ్చి మాట్లాడతాను." ఎవరు ఫోన్ చేసినా, ఎంత తొందరపెట్టినా ఆ మాట అని పెట్టేయమనండి. నిజమైన ఉద్యోగి అయితే "సరే రండి" అంటాడు. దొంగ మాత్రం ఆ మాట ఒప్పుకోడు, ఇప్పుడే అంటాడు, లైను పెట్టవద్దంటాడు.

కూర్మన్నపాలెం అమ్మాయి

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి.

శుక్రవారం పోయిన 18,500 రూపాయలు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చిన ఎనిమిదో పనిదినాన ఖాతాలో జమయ్యాయి. ఉత్తరంలో సర్క్యులర్ తేదీ, నేను ఫోన్ చేసిన సమయం రాసిన తర్వాత బ్రాంచిలో మాట తీరే మారిపోయింది. మంగళవారం నాటి సొమ్ములో 31,200 రూపాయలు వేరే రాష్ట్రంలోని ఒక ఖాతాలో నిలిపి ఉన్నాయని సైబర్ క్రైమ్ స్టేషన్‌లో చెప్పారు. న్యాయవాది గారు అన్నట్టే ఆ ఖాతాను మాకంటే ముందే ఇంకెవరి ఫిర్యాదు మీదో ఆపారు. మిగతా 56,300 రూపాయల జాడ లేదు. నాన్నగారు మొదటి రాత్రే నాకు చెప్పి ఉంటే ఎంత మిగిలేదోనని నేను మనసులో అనుకున్నాను గానీ పైకి అనలేదు.

కంబోడియా సంగతి ఆయనకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ కుర్రాడికీ ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారేమో" అన్నారు. ఆ రాత్రి సరిగ్గా భోంచేశారు.

చిన్న ఖాతా తెరిచాం, నెలకు ఏడువేలు వెళ్లేటట్టు పెట్టాం, ఆ అంకె నాన్నగారే చెప్పారు. పెన్షన్ కార్డులో అన్నీ ఆపింది కూడా ఆయనే. నేను పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో చూపించాను, అంతే. ఫోను రీసెట్ చేయించాం. 1930 అంకెలు ఫ్రిజ్ తలుపు మీద, ఇన్సులిన్ తీసేటప్పుడు కనబడే ఎత్తులో, తన చేతిరాతతో అంటించుకున్నారు.

మొన్న నేను ఉండగానే ఒక ఫోన్ వచ్చింది. కేవైసీ గడువు ఈ రోజుతో అయిపోతుందని అవతలివాడు చెబుతున్నాడు. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని తాపీగా మొత్తం విని, "నేను బ్రాంచికి వచ్చి మాట్లాడతాను బాబూ" అన్నారు. వాడు ఇంకా ఏదో అంటుండగానే పెట్టేసి, ఆ నంబరు డైరీలో రాసుకుని, చక్షులో ఎలా పెట్టాలో చూపించమని ఫోను నా చేతికి ఇచ్చారు.

న్యాయవాది గారికి ఒక ప్రశ్న. నిలిపిన 31,200 రూపాయల కోసం వచ్చే సోమవారం కోర్టులో దరఖాస్తు వేస్తున్నాం. నాన్నగారు స్వయంగా రావాలా, లేక సంతకం చేసి పంపితే సరిపోతుందా? ఆయన మాత్రం తానే వస్తానంటున్నారు.

జిల్లా కోర్టు న్యాయవాది

రమ్మనండి. ఖాతాదారు స్వయంగా ఉంటే అడిగినవాటికి అక్కడికక్కడే జవాబు చెప్పవచ్చు. ఆధార్, పాస్‌బుక్ అసలు ప్రతులు, ఎఫ్ఐఆర్ నకలు, సొమ్ము ఏ ఖాతాలో నిలిచి ఉందో తెలిపే పోలీసు వారి కాగితం తెచ్చుకోండి. పదిన్నరకల్లా ఉండండి. మధ్యాహ్నం దాటవచ్చు గనుక ఆయన మందులు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.